బేషెన్ దాచుకున్న కాలువగట్టు

శరత్తు వచ్చిందంటే బేషెన్‌కి కాలు ఒకచోట నిలవదు. ఆప్రికాట్ తోటలు ఎర్రబడి, కొండవాలు గడ్డి నక్కతోలు రంగుకి తిరగ్గానే బజారు మూలనున్న ఫొటో దుకాణానికి తాళం పడుతుంది. మెడలో కెమెరా, జేబులో రొట్టెముక్క, కాళ్లకి పాత రబ్బరు బూట్లు. "అకె ఏడీ?" అని ఎవరైనా ఈ పెద్దన్న కోసం అడిగితే, ఆయన భార్య కలిపా కొండవైపు చెయ్యి విసిరి, "ఆకులు రాల్చడానికి వెళ్లాడు. ఈయన వెళ్లకపోతే అవి రాలవట," అంటుంది.

వయసులో ఉన్నప్పుడు ఆ నడకలు ఉత్త సంతోషమే. వాగు వెంబడి పోవడం, ఎండ ఏటవాలుగా పడేదాకా రాతిమీద కూర్చోవడం, ఒక్క ఫొటో తీసుకుని ఇంటికొచ్చి, టీ తాగుతూ దాన్నే తలుచుకోవడం. ఆ ఫొటోల్లో మనుషులుండరు. పొద్దస్తమానం గుర్తింపు కార్డులకి మొహాలు తీసేవాడికి, మొహం లేని చోటుని మించిన విశ్రాంతి ఏముంటుంది?

ఆ చోట్లలోకి మనుషులు తర్వాత వచ్చారు. మా సరస్సు ఒడ్డు ఊళ్లలో మనిషి పోయి ఏడాది తిరిగేసరికి ఆష్ పెడతారు. గుర్రాన్ని కోసి ఊరంతటికీ భోజనం. ఆ రోజు వాకిట్లో పోయినవాళ్ల నిలువెత్తు ఫొటో ఉండాలి. చాలామందికి మిగిలేది కార్డు మీది మొహమే. దాన్ని పెద్దది చేసి, మంచి కోటు తొడిగి, వెనకాల ఏదో ఒక తెర పెట్టడం బేషెన్ పని. ఒకసారి ఒక ముసలామె పోయిన కొడుకు కార్డు పట్టుకొచ్చి, దుకాణం గోడమీది వాగు ఫొటో చూసి, "మా మెదెర్ వెనకాల ఆ గుడ్డ ఎందుకు నాయనా, దీన్ని పెట్టు. బతికినన్నాళ్లూ గొర్రెల్ని తోలింది అక్కడే," అంది. పెట్టాడు. చూసినవాళ్లంతా మాకూ మాకూ అన్నారు. వాగు మలుపు మెదెర్‌కి పోయింది. తెల్లబెరడు చెట్ల గుంపు బడిపంతులమ్మకి పోయింది. ఎర్రటి ఆప్రికాట్ తోట కవల అన్నదమ్ముల్లో పెద్దవాడికి పోయింది.

ఒకసారి ఇచ్చేశాక ఆ చోటుకి మళ్లీ వెళ్లబుద్ధయ్యేది కాదు. వెళ్లినా, కెమెరా ఎత్తగానే వేలు ఆగిపోయేది. వాగులో నీళ్లు ఎప్పటిలాగే మెరుస్తుంటాయి. ఆ మెరుపుకి ముందు, బేషెన్ తన చేత్తో ఎక్కడ నిలబెట్టాడో సరిగ్గా అక్కడే, కార్డు ఫొటోలోని బిగిసిన మొహంతో మెదెర్ ఉంటాడు. బెదిరించడు, పిలవడు. ఇప్పుడు తీస్తారు కాబోలని ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటాడు, అంతే. ఒక్కో శరత్తు గడిచేకొద్దీ బేషెన్ నడిచే దారులు కురచబడుతూ వచ్చాయి.

చివరికి ఒకే ఒక్క చోటు మిగిలింది, పాత కాలువగట్టు. దాని మీద తెరెక్ చెట్లు సన్నగా, ఎత్తుగా వరసకట్టి ఉంటాయి. శరత్తులో ఆ వరస మొత్తం దీపాల్లా పసుపెక్కుతుంది. ఏటా ఒకసారి వెళ్లి, ఒక ఫొటో తీసుకుని, ఇంట్లో పెట్టెలో దాచుకునేవాడు. దుకాణం గోడకి ఎన్నడూ తగిలించలేదు. అదికూడా పోతే ఈ కొండల్లో తను ఒంటరిగా నిలబడగలిగే చోటంటూ ఉండదని అతనికి తెలుసు.

క్రితం ఏడు ఇదే రుతువులో గడ్డిలారీ నడిపే అసాన్‌కదిర్ లోయలోకి జారి, అడుగున పారే ఏటికి పైనున్న దేవదారు చెట్ల మధ్య ప్రాణం విడిచాడు. ఆష్ దగ్గరపడుతోందని అతని భార్య బురుల్చా కార్డు పట్టుకుని దుకాణానికొచ్చింది.

"నీళ్లకి పైన నిలువుచెట్లు వరసగా ఉంటాయి చూడండి, అకె. ఆయన్ని అక్కడ పెట్టండి."

"నిలువుచెట్లా?"

"అవే. నిటారుగా ఉంటాయే, అవి," అని తల దించుకుంది.

నీళ్లకి పైన నిటారుగా ఉండేవంటే లోయలోని దేవదారులే అనుకున్నాడు బేషెన్. ప్రాణం పోయిన చోటే ఎందుకన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని ఎదురు ప్రశ్నలేం వేస్తాం? ఎవరి దుఃఖం దారి వాళ్లది. లోయకి నడిచివెళ్లి ఫొటో తీశాడు. గడ్డిలో గాజుపెంకులు ఇంకా మెరుస్తున్నాయి. వాటిని కెమెరాకి అందకుండా తప్పించాడు.

ఫ్రేము సిద్ధమయ్యాక బురుల్చా చూడటానికొచ్చింది. కలిపా అప్పుడు దుకాణంలోనే టీ పోస్తోంది. ఫ్రేము మీది గుడ్డ తియ్యగానే బురుల్చా అడుగు వెనక్కి వేసింది.

"ఇక్కడా? ఆయన్ని మళ్లీ ఇక్కడికే తీసుకెళ్లారా, అకె?"

బేషెన్ ఫ్రేముని తనవైపు తిప్పి చూసుకున్నాడు. "నిలువుచెట్లన్నావు కదమ్మా..."

"ఇవి కాదు! ఇవి నల్లటివి. నేను చెప్పినవి గలగలలాడతాయి. గాలి లేకపోయినా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాయి. ఇప్పుడు పసుపుగా..." అంటూ రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించింది.

కలిపా టీ కూజా దించింది. "జుట్టు నెరిసింది గానీ ఏం లాభం! వీళ్ల మామగారి పేరేంటి?"

"బైతెరెక్. అయితే?"

"అయితేనా? మామగారు పేరులోనే తెరెక్ పెట్టుకుని కూర్చుంటే కోడలు ఆ చెట్టు పేరు నోట్లోంచి ఎలా తీస్తుందయ్యా? మీ నాన్న పేరు తాష్‌తాన్ అని, రాయికి తాష్ అనలేక నేను గట్టిది అని ఏడవలేదూ? 'వాకిట్లో గట్టిది తగిలి పడ్డాను' అంటే, గట్టిదేంటని నవ్వినవాడివి నువ్వే కదా!"

ఏడుస్తున్న బురుల్చాకి నవ్వొచ్చింది. తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుంది.

"పాత కాలువగట్టు, అకె. పెళ్లికి ముందు ఆయన అక్కడ నీళ్లు వదిలే పనిచేసేవాడు. నేను తప్పిపోయిన దూడని వెతుక్కుంటూ వెళ్లేదాన్ని."

"అన్నిసార్లు తప్పిపోయిందా ఆ దూడ?" అంది కలిపా.

"ఎక్కడ తప్పిపోయింది అక్కా, నేనే విప్పేసేదాన్ని."

ఆడవాళ్లిద్దరూ నవ్వుతుంటే బేషెన్ ఫ్రేము మీద మళ్లీ గుడ్డ కప్పాడు. "ఆ చోటు ఫొటో నా దగ్గర లేదు," అన్నాడు.

కలిపా అతని మొహంలోకి చూసింది. బురుల్చా వెళ్లాక అడిగింది: "మరి పెట్టెలో ఉన్నవేంటి?"

"అవి నావి."

"ఫొటోలు నీవే. కాలువ కూడా నీదేనా?"

"అదికూడా ఇచ్చేస్తే నేనెక్కడికి పోను, కలిపా?"

"నీకు నడవడానికి చోటు కావాలి. ఆమెకి ఆయన్ని ఆ లోయలోంచి బయటికి తెచ్చుకోవాలి. ఏది ముందో నువ్వే చెప్పు."

బేషెన్ మర్నాడు పొద్దున్నే బురుల్చా ఇంటి గేటు దగ్గర నిలబడి, "రా తల్లీ, ఆయన ఎక్కడుండేవాడో చూపించు," అన్నాడు.

ఇద్దరూ తోటల మధ్య నుంచి నడిచారు. కాలువ దాటాక బురుల్చా ఆగి, "ఈ చోటు మీకు తెలుసు. నీళ్లలో రాయి ఎక్కడుందో చూడకుండానే కాలు పెట్టారు," అంది.

"తెలుసు," అన్నాడు బేషెన్. పక్కకి జరిగి ఆమెకి దారి ఇచ్చాడు.

బురుల్చా మూడో చెట్టు దగ్గరికెళ్లి నిలబడింది. "ఇక్కడే ఆనుకుని ఉండేవాడు. వస్తున్నది చూసి కూడా చూడనట్టు." ఆమె పక్కకి తప్పుకుంది. బేషెన్ కెమెరా ఎత్తాడు. ఆకు నిండుగా ఉంది. గాలి లేదు, అయినా చెట్లు ఏదో చెప్పుకుంటున్నాయి. మూడో చెట్టు మొదట్లో అప్పటికే ఎవరో ఆనుకుని ఉన్నట్టు అనిపించింది. ఈసారి వేలు ఆగలేదు.

ఆష్ రోజున వాకిట్లో గుర్రపుమాంసం కుండల మీదుగా లేచిన ఆవిరిలో అసాన్‌కదిర్ పసుపు చెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. బురుల్చా ఆ ఫొటో ముందు చాలాసేపు కూర్చుంది.

ఆ వారమే బేషెన్ మళ్లీ కాలువగట్టు ఎక్కాడు. చెట్లవైపు చూడలేదు. వాటికి వీపు పెట్టి, ఎన్నడూ పట్టించుకోని ఎదుటివాలు చూశాడు. చెట్టూ చేమా లేని బూడిదరంగు మట్టికొండ. తన మనిషిని అక్కడ నిలబెట్టమని ఏ ఇల్లాలూ అడగదు. ఒక మబ్బునీడ దానిమీద మెల్లిగా పాకుతోంది. అందంగానే ఉంది. కెమెరా కంటికి ఆనించాడు.

వెనకాల మూడో చెట్టుకి ఆనుకుని ఎవరో తన పని చూస్తున్నట్టు మెడ మీద తెలిసింది. బేషెన్ వెనుదిరగలేదు. ఆ మనిషికి కొండ కనబడేలా ఒకడుగు పక్కకి జరిగి, నీడ వాలు మధ్యకి వచ్చేదాకా ఆగాడు.