స్వస్థలం అన్న గడిలో నేను రాసింది

మా ఊళ్లో ఇప్పటికీ అందరూ చెప్పేది ఒకటే: ఆ బర్మా కుటుంబాన్ని పోలీసులు పంపించేశారని. అది నిజం కాదు. పోలీసులు పొమ్మనలేదు, ఊరి పెద్దలూ పొమ్మనలేదు. వాళ్లెవరూ పొమ్మనకుండానే ఆ కుటుంబం ఎలా పోయిందో మొదటి నుంచీ చూసినవాణ్ని నేను. అందులో నా చేయీ ఉంది. అందుకే రాసి పెడుతున్నాను.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. శామీర్‌పేటలో బోరు మోటార్లకు వైరు చుట్టే షాపు నాది. మిగిలిన చదువంతా గ్రంథాలయంలోనే అయింది. పొద్దున షాపు తెరిచే ముందు ఒక గంట, కరెంటు పోయినప్పుడు ఇంకో గంట. ముందు పేపర్లు, తర్వాత చరిత్ర, రాజ్యాంగం, ప్రపంచ పటాలు. ఈ సంగతి గర్వంగానే చెప్పుకుంటాను. ఊళ్లో ఎవరికి ఏ ఫారం వచ్చినా నింపడానికి నా దగ్గరికే తెస్తారు. ముందు "పేపర్ సారూ" అని ఎగతాళి చేస్తారు, తర్వాత కాగితం చాపుతారు.

ఆ చలికాలం టీవీల్లో రోజూ శరణార్థులు, చొరబాటుదారులు, దేశ భద్రత మీదే చర్చ. ఆ రోజుల్లోనే కిరాయిదారుల వివరాలు ఇవ్వాలని పోలీసులు ఇంటి ఓనర్లకు ఫారాలు పంచారు. అలియాబాద్ దారిలో ఉండే ఒక అవ్వ తన ఫారం పట్టుకొని షాపుకు వచ్చింది. ఆమె వెనక గదిలో మూడేళ్లుగా ఒక కుటుంబం ఉంటోంది. ఆయన కోళ్ల ఫారంలో పనిచేస్తాడు. భార్య, బడికి పోయే కూతురు ఉన్నారు. మా వైపు ఒక అలవాటుంది. హిందీ మాట్లాడే కూలీలు ఒడిశా వాళ్లయినా, బెంగాల్ వాళ్లయినా అందరినీ బీహారోళ్లనే అంటాం. వీళ్లనూ అలాగే అన్నాం.

"ఊరు కాడ బీహార్ అని రాయి బిడ్డా" అంది అవ్వ.

ఫారంతో పాటు అవ్వ తెచ్చిన వాళ్ల కార్డు చూశాను. ఇంగ్లిషులో ఉంది. కూడబలుక్కొని చదివాను. శరణార్థి కార్డు.

"బీహార్ కాదవ్వా. బర్మా."

"బర్మానా? గదెక్కడి జిల్లా?"

"జిల్లా కాదు, వేరే దేశం."

అవ్వ మొహంలో రంగు మారింది. "మంచోళ్లు బిడ్డా. బీహార్ అని రాస్తే ఏమైతది?"

అబద్ధం రాయకూడదన్నాను. స్వస్థలం అన్న గడిలో బర్మా అని గుండ్రటి అక్షరాలతో రాశాను. భయపడకు, అందరికీ నేను అర్థమయ్యేలా చెప్తానన్నాను.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో ఈ ఫారాల మీద మీటింగు పెట్టారు. నేను లేచి పావుగంట మాట్లాడాను. ప్రాణభయంతో సరిహద్దు దాటినవాడు వేరు, దొంగతనంగా దాటినవాడు వేరు అని చదివిందంతా చెప్పాను, అవ్వ కిరాయిదారులు మొదటి రకం అన్నాను. వింటారనుకున్నాను. విన్నారు కూడా.

"అయితే గీళ్లు బీహారోళ్లు కాదా?" అన్నారెవరో. అప్పటిదాకా హాల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ముందు వరసలోంచి, ఊరంతా కాక అని పిలిచే ఒక పెద్దాయన లేచాడు. ఆయన కొడుకు సైన్యంలో ఉన్నాడు. "మంచిగనే చెప్పినవ్ సారూ. మావోడు మంచుల నిలవడ్డది ఎందుకు? ఎవడు వడితే వాడు లోపటికి రావద్దనే గద. గీడ మన నెత్తి మీదికెల్లి ఎయిర్ ఫోర్స్ విమానాల ట్రైనింగు నడుస్తాంది. ఎవడు మంచోడో ఎవడు కాదో నువ్వు రాసిస్తవా?"

"రాసిస్తడు, స్టాంపు గూడ గుద్దుతడు" అని వెనక నుంచి ఒకడు అన్నాడు. నవ్వారు. కాక నవ్వలేదు. ఆయన భయం ఉత్తది కాదు.

ఒక ఆడమనిషి లేచి, "మా అత్త కింద పడితె అవ్వ గదిల ఉండే గామెనే ఆటో ఎక్కిచ్చింది. గప్పుడు ఏ దేశమని అడిగిన్నా?" అంది.

"ఇంట్ల ఉంచుకుంటె ఓనరు మీద కేసైతదా?" అని అవ్వ కొడుకు అడిగాడు. మన దేశంలో శరణార్థులకు ప్రత్యేక చట్టం లేదు, కాబట్టి అవుతుందనీ కాదనీ గట్టిగా చెప్పలేనన్నాను. నేను చదివిన దాని ప్రకారం అది సరైన జవాబే. అవ్వ కొడుకు కూర్చోకుండా అలాగే బయటికి వెళ్లిపోయాడు.

వారంలో అవ్వ ఇంటివాళ్లు గది ఖాళీ చేయమన్నారు. నేను పోలీసు స్టేషన్‌కు వెళ్లాను. "మేం ఖాళీ చెయ్యమన్లే. మాకు వివరాలు చాలు" అన్నారు మర్యాదగానే. అదే అవ్వకు చెప్పాను.

"ఉంచుకొమ్మని గూడ అన్లే గద బిడ్డా. నా కొడుకు అన్నం తింటలేడు. నేనేం జెయ్యాలె?"

గది కోసం మచ్చ బొల్లారంలో తిరిగాను, గండిమైసమ్మ దాకా పోయాను. ప్రతి ఓనరూ ముందు ఫారం తీశాడు. స్వస్థలం చెప్పగానే, ఇంట్లో అడిగి చెప్తామన్నాడు.

చివరికి ఆ బర్మా ఆయనే షాపుకు వచ్చాడు. నేను నిలబడ్డాను. ఏం చేయాలో తెలియక చేతిలో ఉన్న వైరు చుట్టుకుంటూనే ఉన్నాను.

"భాయ్, మేం అబద్ధం చెప్పలే. మీవాళ్లు బీహార్ అన్నరు, మేం సప్పుడు చెయ్యలే. మూడేండ్లు మంచిగ నడిచింది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఎక్కడికని అడిగితే, "చూస్తం" అన్నాడు. మర్నాడు పొద్దున ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. సంవత్సరం మధ్యలో బడి మారితే చేర్చుకుంటారా అని పాప నన్ను అడిగింది. చేర్చుకోవాలి, చట్టం ఉంది అన్నాను.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్లకు పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పాలని ఉంది. కానీ పేర్లు రాయడానికి చేయి రావడం లేదు. అడిగిన పుస్తకమల్లా వెతికి ఇచ్చిన గ్రంథాలయం సారుకు, తన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయనిచ్చిన అవ్వకు, నేను అడగ్గానే తన భయాన్ని మళ్లీ విడమర్చి చెప్పిన కాకకు, హాల్లో లేచి నిలబడ్డ ఆ ఒక్క ఆడమనిషికి కృతజ్ఞతలు. వెనక గదిలో మూడేళ్లు ఉండి వెళ్లిన ఆ ముగ్గురికీ. వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో నాకు తెలియదు. తెలిసినా ఇక్కడ రాయను.