గోనె కుట్టిన సైకిలు

సైకిలుని విప్పి, పెట్టెలో సర్ది, దెబ్బ తగలకుండా ఊరు దాటించడం ఎలాగో ఇప్పుడు నన్నడిగితే కళ్ళు మూసుకుని చెబుతాను. తెలిసి ఏం లాభం? పెట్టెని అవతల దించుకునేవాడు మనిషిలా ఉండాలన్న సంగతి ఎవరూ ఎక్కడా రాయలేదు.

ఆ సైకిలు నాది కాదు, మా ఆవిడ తమ్ముడిది. వయసులో ఉండగా పడవని ఒడ్డుకి లాగుతుంటే కింద వేసిన దుంగ జారి అతని ఎడమ మోకాలు నలిగిపోయింది. కాకినాడ ఆస్పత్రిలో కాలు నిలబెట్టారు గానీ అది ఇక వంగలేదు. వేటకి పనికిరాని మనిషి ఒడ్డున చేసేదేముంది, చేపలమ్ముకోవడమే. ఊళ్ళు తిరిగి అమ్మాలంటే సైకిలు ఉండాలి, సైకిలు తొక్కాలంటే మోకాలు వంగాలి. ద్రాక్షారామం పోయే దారిలో ఒక సైకిలు షాపాయన ఎడమ పెడలు బిగించే ఇనప కాడని కోసి, పొట్టిగా చేసి అతికించి ఇచ్చాడు. కాడ పొట్టిదైతే ఆ పాదం పెద్దగా పైకి లేవక్కర్లేదు. పనంతా కుడికాలే చేస్తుంది. ఆ పొట్టి కాడ మీదే మావాడు సంసారం ఈదాడు, ఇద్దరాడపిల్లల్ని అత్తారిళ్ళకి పంపాడు.

తర్వాత మైకులు కట్టుకున్న ఆటోలు వచ్చాయి. ఐసు పెట్టెలో చేప ఇంటి గుమ్మంలోకే వస్తుంటే సైకిలు బెల్లుకి ఎవరు బయటికి వస్తారు? మావాడు హైదరాబాదు పోయి, పెద్ద అపార్టుమెంట్లలో తెల్లారగట్ల పాల పాకెట్లు వేసే పనిలో కుదిరాడు. ఒక బ్లాకు నించి ఇంకో బ్లాకుకి కుంటుకుంటూ నడిచేసరికి అందరి కాఫీలూ ఆలస్యమయ్యేవట. అక్కడి సూపర్‌వైజరు చెప్పేశాడు, నెలాఖరుకల్లా బండి చూసుకోకపోతే స్కూటీ ఉన్నవాణ్ణి పెట్టుకుంటామని.

ఆ రోజే నాకు ఫోను చేశాడు.

"బావా, నా సైకిలు పంపించవా?"

"అక్కడే ఒకటి కొనుక్కోరా. పార్సిలంటే బోలెడు గొడవ."

"కొత్తది ఎక్కితే నా కాలు ఒప్పుకోదుగా. పొట్టి కాడ ఇక్కడెవడు చేసిస్తాడు? అడిగితే నవ్వుతున్నారు. అదొస్తేనే పని ఉంటది, బావా."

నేను బడికి పోయినవాణ్ణి కాను. చేపలు చుట్టిన పేపరు ముక్కలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఏ పనైనా చదివి, నలుగుర్నీ అడిగి, అప్పుడు చెయ్యడం నా అలవాటు. రామచంద్రపురం షాపులో కొత్త సైకిళ్ళొచ్చిన అట్టపెట్టె బతిమాలి తెచ్చాను. టైర్లలో గాలి కొంత తీశాను. హ్యాండిలు వదులుచేసి పక్కకి తిప్పాను. ముందు చక్రం ఊడదీసి పక్కన కట్టి, చక్రం తీసిన చోట అణిగిపోకుండా కొబ్బరి చెక్క ముక్క ఒకటి బిగించాను. పొడుచుకొచ్చిన ప్రతిదీ దారిలో వంగుతుందన్నారు గనక పెడళ్ళు విప్పాను. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, దాన్ని అందరిలా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. ఆ సంగతీ తెలుసుకునే చేశాను. పొట్టి కాడ మాత్రం వంగితే మళ్ళీ దొరికేది కాదని, దాన్ని పట్టి ఉంచే మేకుని కొట్టి తీసి, పూర్తిగా ఊడదీశాను.

మా ఆవిడ గుమ్మంలో నించుని చూస్తోంది.

"ఏంటయ్యా ఇది? నా పెళ్ళికి కూడా నన్నింత ముస్తాబు చెయ్యలేదు."

"నిన్ను పార్సిల్లో పంపలేదు కదా. వెళ్ళి గోనెలు చూడు."

వానాకాలం కాబట్టి అట్టపెట్టె మీద గోనె కుట్టి తెమ్మని పార్సిలు ఆఫీసులో ముందే చెప్పారు. మా ఇంట్లో గోనెలకి కరువా? ఎండుచేపలు సంతకి పోయే గోనెలు నాలుగు తీసి, మా ఆవిడ కాలవలో రెండుసార్లు ఉతికి, చేపలు ఆరేసే వెదురు పందిరి మీదే ఆరేసింది. మాకు అదొక్కటే ఆరేసే చోటు. ఆరాక ముక్కు దగ్గర పెట్టుకుని చూసి "బాగున్నాయి" అంది. నేనూ చూశాను. బాగానే ఉన్నాయి. పుట్టినప్పట్నించీ ఆ గాలిలో ఉన్నవాళ్ళం, మాకు అది వాసన కాదు, గాలి. మిగిలిన గోనె గుడ్డలో పొట్టి కాడనీ పెడళ్ళనీ చుట్టి, సుతిలితో మూటకట్టి, పెట్టెలో సీటు కింద పెట్టాను. ఆవిడ దబ్బనంతో నాలుగు పక్కలా కుట్టేసింది.

పార్సిలు ఆఫీసులో కూర్చున్నాయన కూడా మా వైపువాడే. నేను వెళ్ళేసరికి క్యారియరు విప్పుకుని మెత్తళ్ళ ఎండుచేపలు, వంకాయ వేసిన కూర కలుపుకుంటున్నాడు. పెట్టె చుట్టూ తిరిగి చూసి మెచ్చుకున్నాడు.

"బెమ్మాండంగా కట్టారండి. ఇలా కడితే కాశీ దాకా పోద్దండి."

ఆయనకీ ఏ వాసనా తగల్లేదు. తగిలితే వేరే గోనెలు కుట్టి తెచ్చేవాణ్ణి కదా.

వారం తిరక్కుండా మావాడి ఫోను వచ్చింది.

"బావా, సైకిలొచ్చింది. పెట్టె లేదు. పెడళ్ళు లేవు. కాడ లేదు."

"సరిగ్గా చూడరా. సీటు కింద మూట ఉంటది."

"అదే బావా. ఆ మూటే పారేశారంట."

జరిగింది ఇదీ. హైదరాబాదులో వాన. గోడౌను బయట దించిన పెట్టె రాత్రంతా తడిసింది. తడిసేసరికి గోనెల్లో ఇంకిపోయిన చేప మళ్ళీ లేచింది. ఎండుచేపల్ని సైకిలని చెప్పి పంపుతున్నారనుకుని గోడౌనువాళ్ళు కోసి చూశారు. అట్టా గోనే అన్నీ చించి చూస్తే చేప కనపడలేదు. సీటు కింద సుతిలి కట్టిన గోనె మూట కనపడింది. అదే చేపలనుకున్నారు. విప్పి చూడ్డానికి అసహ్యమేసి కర్రతో ఎత్తి మునిసిపాలిటీ చెత్తబండిలో పడేశారు. మావాడు వెళ్ళేసరికి బండి వెళ్ళిపోయింది.

వాళ్ళ కంప్లయింటు నంబరుకి నేనే ఫోను చేశాను. ఒక కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది.

"ఎండుచేపలు మా రూల్సు ప్రకారం పంపకూడదు సార్."

"నేను పంపింది ఇనుము బాబూ. ఇనప కాడ. నీ చేత్తో పట్టుకుంటే తెలిసేది."

"స్మెల్ వచ్చింది కదా సార్."

"వస్తే? వాసనొస్తే మూట విప్పి చూడాలా, చెత్తలో వెయ్యాలా?"

"మీ బాధ అర్థమైంది సార్. సైకిల్ డెలివరీ అయినట్టు చూపిస్తోంది సార్."

అర్థమైందట! ఏం అర్థమైంది? అదే నగరంలో ఆదివారం పూట అద్దాల షాపుల ముందు వరసలో నించుని చేప కొనుక్కుంటారు. ముళ్ళు తీసి, ముక్కలు కోసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిస్తే అది ఆరోగ్యం. అదే చేపని పట్టి, ఆరబెట్టి, మోసి బతికినవాడి గోనె తగిలితే కర్ర కావాలి. మా చేప వాళ్ళకి కావాలి, మా చెయ్యి మాత్రం అక్కర్లేదు.

కాడ కోసిన షాపాయన ఎప్పుడో పోయాడు. ఆ కొట్లో ఇప్పుడు సెల్ ఫోన్లు అమ్ముతున్నారు. కాకినాడలో ఒక వెల్డింగు షాపు పట్టుకుని, నేలమీద ముగ్గుతో గీసి చూపించి, కొత్త కాడ ఒకటి చేయించాను. అది చేతికొచ్చేసరికి నెల మారిపోయింది. మావాడి పని స్కూటీవాడికి ఇచ్చేశారు. ఇప్పుడు మావాడు ఆ పక్క వీధిలో ఒక షాపు ముందు రాత్రి కాపలా కూర్చుంటున్నాడు. ఆ పనికి సైకిలు అక్కర్లేదు. దాన్ని వాడుండే సెల్లారులో పెడితే వాసనొస్తోందని పైవాళ్ళు గోలపెట్టారట. బయట గోడకి గొలుసేసి కట్టాడు.

ఇవేవీ మా ఆవిడకి తెలియవు. ముందే మాట తీసుకున్నాడు, "అక్కకి గోనెల సంగతి చెప్పకు బావా, తిండి మానేస్తది" అని. మొన్న ఆవిడే ఫోను లాక్కుని అడిగింది.

"ఏరా తమ్ముడూ, సైకిలు బాగా అందిందా?"

"బెమ్మాండంగా అందిందక్కా. గీత కూడా పడలేదు."

"తొక్కుతున్నావా?"

"రోజూ."

ఆవిడ ఫోను పెట్టేసి, దబ్బనం దూలంలో గుచ్చి, ఇంకోసారి ఏదైనా పంపాల్సొస్తే తనకే చెప్పమంది. సరేనన్నాను. కొత్త కాడ నా మంచం కింద ఉంది. దాన్ని దేంతో చుట్టి పంపాలో నాకు తోచడం లేదు.