బజారు రేటుకే పోయిన కోడి

మా అన్న కోడలు షీబా కెనడా ఎప్పుడూ చూడలేదు. బందరు దాటి ఆమె వెళ్ళిన దూరం హైదరాబాదు, అదీ పెళ్ళిబట్టలకి. కానీ కెనడాలో వంటనూనె ఏ వారం కొనాలో, చలికోటు ఏ నెలలో సగం ధరకి వస్తుందో ఆమెనే అడగాలి. టొరంటోలో ఉండే ఒకాయన అక్కడి తెలుగువాళ్ళ కోసం యూట్యూబ్ చానల్ నడుపుతున్నాడు. అందులో రాతా మాటా షీబావే. గురువారం వచ్చిందంటే అక్కడి షాపుల ఆఫర్లన్నీ ఫోనులో తిరగేసి, చప్పుడు రికార్డవుతుందని ఫ్యాను ఆపేసి, చెమటలు తుడుచుకుంటూ, "చలికోటు చలికాలం వెళ్ళాక కొనండి" అని చెప్తుంది.

"షెల్ఫు మీద రేటు కన్నా బిల్లులో ఎక్కువ పడితే నోరు మూసుకుని రావద్దు. అడగండి. కొన్ని షాపుల్లో ఆ వస్తువు ఉచితంగా ఇచ్చేస్తారు" అని ఒకసారి చెప్తుంటే కిటికీలోంచి విని నవ్వాపుకోలేకపోయాను.

"మన బజార్లో అడిగి చూడమ్మా, ఉచితంగా తిట్లిస్తారు" అన్నాను.

"అడిగేవాళ్ళు లేక ఇవ్వట్లేదు మావయ్యా" అంది.

అడిగి చూపించింది కూడా. చర్చిలో ఒకావిడ మిక్సీ ఆరునెలలకే కాలిపోతే, గ్యారంటీ కార్డు వెతికించి, షాపు చుట్టూ మూడుసార్లు తిరిగి కొత్తది ఇప్పించింది. అప్పట్నుంచీ మా స్త్రీల సమాజంలో షీబా మాటే మాట. 'పొదుపు' అని వాట్సాప్ గ్రూపు పెడితే ఊళ్ళో సగం చర్చి అందులో చేరింది. నేనూ చేరాను. పామర్రు బస్టాండు దగ్గర టీకొట్టు నడిపినాయన కూతురు ఆమె. సబ్బుని దారంతో రెండు ముక్కలు చేసుకుని వాడిన ఇల్లు. రూపాయి వృథా అయితే ఆమెకి ఒంట్లో నొప్పి పుడుతుంది. అది తప్పని నేనెప్పుడూ అనను.

జనవరి చివర మా చర్చిలో కోత పండుగ. ఎవరింట పండింది, పెరిగింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ధాన్యం, గుమ్మడికాయ, అరటిగెల, కోడి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తాం. ఇది బజారు వేలం కాదు. నలభై రూపాయల కొబ్బరికాయని రెండువేలకి పాడతారు. డబ్బు చర్చికి వెళ్తుంది, తెచ్చినవాళ్ళకి గౌరవం దక్కుతుంది. పాట నడిపేది నేనే. వారమంతా గిలకలదిండి హార్బర్లో చేపల పాట పాడించే నోరు కదా, చర్చిలోనూ అదే నోరు.

ఈ పాటంటే షీబాకి ఒళ్ళుమంట. కిందటేడు వాళ్ళాయన శామ్యూల్ రాజ్ పంతానికి పోయి ఒక సొరకాయని మూడువేలకి పాడాడు. ఆ నెల పాప ఫీజు ఆగింది. అందుకని ఈసారి పండుగకి నాలుగు రోజుల ముందు గ్రూపులో పెట్టింది: "దేవుడికి ఇచ్చేది కవరులో పెట్టి ఇద్దాం. ఒకరి మీద ఒకరు పాడి రేటు పెంచొద్దు. ఎవరికేది కావాలో ముందే పేరు రాయండి, బజారు రేటుకే వస్తుంది." అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. కవర్లు పల్చగా వచ్చాయన్నది తర్వాత తెలిసిన సంగతి.

వద్దని చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు. అరటిగెల ఎదురుగా నా పేరు రాశాను. ఇప్పుడీ మాట రాస్తున్నా సిగ్గుగానే ఉంది.

ఏటా మొదట పాడేది దయామణి కోడిని. ఆమె భర్త పోయిన మనిషి. రొయ్యల షెడ్డులో తలలు గిల్లి బతుకుతుంది, వేళ్ళ చివర్లు ఎప్పుడూ నాని తెల్లగా ఉంటాయి. ఏడాదంతా ఒక పెట్టని పండుగకని పెంచుతుంది. దాన్ని నాలుగువేలకి తగ్గకుండా పాడటం మాకు ఆనవాయితీ. పాట పెరుగుతుంటే ఆమె తలమీద కొంగు సర్దుకుంటూ నిలబడుతుంది. సంవత్సరం మొత్తంలో ఆమె పేరు మైకులో వినిపించేది ఆ పది నిమిషాలే.

ఆ ఆదివారం కోడికి పేరు రాసుకున్నది షీబాయే. "ఆరొందలు" అంది.

"ఆరొందలు, ఒకటోసారి" అన్నాను. ఎవరూ నోరెత్తలేదు. మామూలుగా రెండోసారికీ మూడోసారికీ మధ్య నేను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తాను, ఎగతాళి చేస్తాను, రోషం తెప్పిస్తాను. ఆ రోజు మూడోసారి గబగబా అనేశాను.

దయామణి కదల్లేదు. ఇంకా ఎవరో పాడతారని చూస్తోంది. కాసేపటికి, "జబ్బుదేం కాదండీ. పొద్దున కూడా గింజలు తింది" అంది, ఎవరికి చెప్పాలో తెలియక అందరికీ.

షీబా తల వంచుకుంది. నేను గుమ్మడికాయ ఎత్తాను. దయామణి అప్పుడే, భోజనానికి కూడా ఆగకుండా వెళ్ళిపోయింది. మిగతావన్నీ అలాగే పోయాయి. గెల నాకు మూడొందలకి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే షీబా ఇంటికి వెళ్ళాను, ఏం చేద్దామో మాట్లాడదామని. ఇద్దరం టీ తాగుతూ వేరే మాటలే మాట్లాడుకున్నాం. అంతలో గుమ్మంలో దయామణి. చేతిలో బుట్ట, అందులో ఇంకో కోడి.

"షీబమ్మా, సరుకు బాలేకపోతే వెనక్కి ఇచ్చెయ్యాలని మీ గ్రూపులో చెప్తావంట కదా. నా కోడికేం లోపమో నాకు తెలీలేదు. ఇది పక్కింటోళ్ళ దగ్గర తెచ్చా. ఇదుంచుకుని అదిచ్చెయ్యమ్మా. దేవుడికి నిర్దోషమైంది పెట్టాలిగా."

నోరు మూసుకోవద్దని సముద్రాలవతలికి చెప్పే మనిషి కళ్ళు తుడుచుకుని, "లోపం కోడిలో లేదత్తా. ఎవర్నీ పాట పెంచొద్దని నేనే చెప్పాను" అంది.

"నా కోడి ఒక్కదానికేనా?"

"అన్నిటికీ. మావయ్యకి అరటిగెల కూడా మూడొందలకే వచ్చింది."

"నిజమేనా తమ్ముడూ?"

"నిజమే అక్కా" అన్నాను. హార్బరంతా వినిపించే గొంతు నాది, నాకే సరిగ్గా వినపడలేదు.

"అమ్మయ్య" అని ఆమె నవ్వింది. "దేవుడికి చెడ్డది పెట్టానేమోనని నిద్రపట్టలేదు."

"మిగతా డబ్బు నేను చర్చికి కట్టేస్తానత్తా. నాలుగువేలూ కట్టేస్తాను."

"ఇప్పుడెందుకమ్మా?" అంది దయామణి, ఏ కోపమూ లేకుండా. "పాట అయిపోయిందిగా."

షెడ్డుకి టైమవుతోందని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. షీబా, నేను ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.