ఖాళీ గిర్నిలో ఉగ్గుపిండి

ఆ రోజుల్లో పసిపిల్లల తిండి పొట్లాల్లో దొరకడం తక్కువ, దొరికినా మా జీతాలకు అందడం ఇంకా తక్కువ. ఇక మగవాడు పొయ్యి దగ్గర నిలబడి పిల్లకు జావ కాస్తున్నాడంటే చుట్టుపక్కల కిటికీలన్నీ తెరుచుకునేవి. నాకు చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు. ఏ పూట ఏ కూర తిన్నదీ, ఏ రోజు నాచారం బస్సు రానిదీ కూడా అందులో ఉంటుంది. కానీ ఆ ఎండాకాలపు శనివారం నాడు నేను రాసుకున్నది ఒక్క ముక్కే: ‘గిర్నికి వెళ్ళాను. జనం లేరు. అదృష్టం.’ (పిండి మరను మా వైపు గిర్ని అంటాం.) అదృష్టం అన్న మాట కింద గీత కూడా గీశాను. ఆ గీత గీసిన కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ జాలి, నవ్వు కలిసే వస్తాయి.

అప్పట్లో నేను నాచారంలో ఒక కార్ఖానా స్టోర్స్‌లో గుమాస్తాను. ప్రతి సామానుకూ చీటీ కట్టడం, ముందొచ్చిన సరుకును ముందు బయటికి పంపడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగం గేటు దగ్గర ఆగకుండా నాతో పాటు ఉప్పల్‌లో మా అద్దె వాటా దాకా వచ్చేసింది. వంటింట్లో ప్రతి డబ్బాకూ చీటీ అంటించాను. మా ఆవిడ నాకు మేనత్త కూతురే కాబట్టి నన్ను బావా అనే పిలుస్తుంది. “బావా, ఉప్పు డబ్బ మీద ఉప్పు అని రాస్తె ఉప్పదనం జర పెరుగుతదా?” అని అడిగింది ఒకసారి. నేను చక్కెర డబ్బాకు చీటీ అంటించాను.

మా చిట్టికి ఇంకా ఏడాది నిండలేదు. అలాంటి సమయంలో మా ఆవిడకు నాచారంలో ఒక చిన్న బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. శిశు తరగతులు, మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేయొచ్చు. నాది రెండో షిఫ్టు, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటాను. లెక్క చక్కగా కుదిరిందని మేమిద్దరం మురిసిపోతుండగా దమ్మాయిగూడ నుంచి మా అత్తమ్మ దిగింది. ఆమె నాకు అత్త కన్నా ముందు మేనత్త. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. అందువల్ల అల్లుడికి జరిగే మర్యాదలేవీ నా జన్మలో నాకు జరగలేదు.

“మొగపిలగాడు పిల్లను సాదుడేందిరా? నీ ముక్కు నువ్వు తుడుసుకుంటానికే నీకు ఏడేండ్లు పట్టింది. పిల్లను నేను తీస్కపోత. ఐతారమైతారం ఒచ్చి సూస్కపోన్రి.”

మా ఆవిడ చిట్టిని గట్టిగా హత్తుకుంది. “పిల్లను తీస్కపోతె నేను నౌకరికి పోనే పోనమ్మా” అంది. ఆ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని దరఖాస్తులు రాసిందో నాకు తెలుసు, ప్రతి దాన్నీ నేనే పోస్టు చేశాను. నా పౌరుషం పైకి లేచింది. “అత్తమ్మా, ఒచ్చే ఐతారం రా. నీ కండ్ల ముందల జావ కాసి తాపిస్త. మంచిగ లేదంటె పిల్లను తీస్కపో, నేను నోరెత్తను” అన్నాను. “సూస్త గా ముచ్చట గూడ” అని అత్తమ్మ బస్సెక్కింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపులో ఆశ ఎంత ఉందో భయమూ అంతే ఉంది.

నా దృష్టిలో ఇది పూర్తిగా స్టోర్స్ సమస్య. రోజూ నానబెట్టి, నూరి, వడగట్టి ఉగ్గు చేస్తే పొద్దంతా దానికే సరిపోతుంది. అదే సరుకు ముందుగా సిద్ధం చేసి పెట్టుకుంటే? రాగులు (అత్తమ్మ భాషలో తైదలు) నానబెట్టి గుడ్డలో కట్టి మొలకెత్తించాను. మిద్దె మీద ఆరబోసి, పిచ్చుకలు రాకుండా గొడుగు పట్టుకుని కూర్చున్నాను. “ఏంది సారూ, కార్ఖాన్ల డ్యూటీ సాలక ఇంట్ల గూడ మొదలువెట్టిన్రా?” అని ఇంటి ఓనరమ్మ కింద నుంచి కేకేసింది. తర్వాత రాగులు, పెసరపప్పు, గుప్పెడు బియ్యం దేనికది కమ్మని వాసన వచ్చేదాకా దోరగా వేయించాను. నాలుగు బాదం పలుకులు, ఒక యాలక్కాయ కలిపాను. ఈ పిండి చేతిలో ఉంటే చాలు, చల్లటి నీళ్ళలో కలిపి మరుగుతున్న నీళ్ళలో పోసి తిప్పుకుంటే, పిల్ల ఏడుపు అందుకునేలోగా జావ తయారు. డబ్బాకు చీటీ కూడా ముందే రాసి పెట్టాను. ఇక మిగిలింది పట్టించడమే.

శనివారం పొద్దున గిర్నికి వెళ్ళాను. అది మామిడికాయ పచ్చళ్ళ కాలం. మామూలుగా ఆ గిర్ని ముందు డబ్బాల వరుస రోడ్డు దాకా ఉంటుంది. ఆ రోజు మర ముందు ఒక్క నరపురుగు లేదు. ఐదారుగురు ఆడవాళ్ళు మాత్రం ఎదురుగోడ నీడలో డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని తీరికగా కబుర్లాడుతున్నారు. లోపల అడుగు పెట్టగానే నాకు వరసగా తుమ్ములొచ్చాయి. ఏళ్ళ తరబడి నాచారం కార్ఖానాల గాలి పీల్చిన ముక్కుకు ఘాటు ఒక లెక్కా అనుకున్నాను.

గిర్నాయన నా డబ్బా వంక చూశాడు. “ఇప్పుడే పొయ్యాల్నా సారూ?”

“లైన్ల ఎవ్వరు లేరు గదా?”

ఆయన ఆడవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళందరూ ఒక్కసారే ఎంతో ప్రేమగా మాట్లాడారు. “పొయ్యున్రి సారూ, మీకు డ్యూటి ఉంటది.” “మాదేముంది, కూసున్నోళ్ళం కూసుంటం.” అందులో ఒక పెద్దావిడ అయితే, “పిల్లలకా బిడ్డా? పో, పో, నువ్వే ముందుగాల పో” అని చెయ్యి ఊపి మరీ పంపింది. లోకంలో ఇంకా మంచితనం మిగిలి ఉందని నాకు కళ్ళు చెమర్చాయి. (కళ్ళు చెమర్చడానికి వేరే కారణం గాలిలోనే తిరుగుతోందని నాకు తట్టలేదు.) నా పిండి పట్టడం అయిందో లేదో వాళ్ళందరూ లేచి, కొంగులు సర్దుకుని, చకచకా లైను కట్టేశారు. రాగిపిండికి ఎలాగూ ఎర్రటి ఛాయ ఉంటుంది కాబట్టి చూసినా నాకేమీ తెలిసేది కాదు.

ఆదివారం అత్తమ్మ పెరుగు ముంతతోనూ, పిల్ల బట్టలు పెట్టుకుపోవడానికి ఖాళీ సంచితోనూ దిగింది. ఆ సంచిని చూసి మా ఆవిడ మొహం వాడిపోయింది. నేను స్టవ్ వెలిగించాను. ఒక్క ఉండ కట్టలేదు. జావ పట్టులా జారుతూ వచ్చింది. అత్తమ్మ చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గిన్నె చల్లారేదాకా ఆగి, “ముందు నన్ను సూడనియ్యి” అని పెద్ద చెంచాడు నోట్లో పోసుకుంది.

ఆమె ముఖంలో ఒక్క గీత కదల్లేదు. “మంచిగున్నది అల్లుడా” అంది మెల్లగా. “నువ్వు గూడ ఓ సెంచ తిను.”

తిన్నాను. మొదట యాలక్కాయ తెలిసింది. తర్వాత బాదం తెలిసింది. ఆ తర్వాత నా చెవులెక్కడున్నాయో తెలిసింది.

నేను చెంబెడు నీళ్ళు గటగటా తాగుతుండగా చిట్టి గిన్నెలో వేళ్ళు ముంచి నోట్లో పెట్టుకుంది. ముగ్గురం బిగుసుకుపోయాం. చిట్టి కళ్ళు పెద్దవి చేసింది, ఒక తుమ్ము తుమ్మింది, పెదాలు చప్పరించింది, మళ్ళీ గిన్నె కోసం చెయ్యి చాపింది. అత్తమ్మ గబుక్కున గిన్నె లాగేసి, పిల్ల నోటికి పెరుగు అందించి, అప్పుడు మొదలుపెట్టింది నవ్వడం. గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది.

“ఒరేయ్, నీ కంటె ముందుగాల గిర్నిల ఏం పట్టిన్రురా?”

“ఏమో అత్తమ్మా. ఖాళీగనే ఉండె.”

“పచ్చళ్ళ దినాలల్ల గిర్ని ఖాళీగుంటదారా! మిరపకాయలు పట్టిన్రు. నీ పిండితోని మర తుడిపించుకున్నరు. ఆళ్ళు కూసున్నది నీ అసొంటోని కోసమే.”

మా ఆవిడ తల వంచుకుని సంచి అందుకుని పిల్ల గౌన్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. అత్తమ్మ ఆ సంచి లాక్కుంది. “జావ మంచిగనే కాసిండు వీడు, ఉండలు గూడ లేవు. లోకం తెల్వకపాయె, గంతే. పిల్లేమో కారం తిని ఇంకింత గావాలంటున్నది, అదెట్లనన్న బతుకుతది. నాకు ఫికరంత వీని గురించే. ఇంటికాడ బర్రెలను కోడలు సూస్కుంటది, నేనీడనె ఉంట.”

అలా మా ఆవిడ ఉద్యోగంలో చేరింది, చిట్టి ఇల్లు కదల్లేదు. పరీక్షలో తప్పిన నన్ను మిరపకాయే గట్టెక్కించింది. (ఆ పిండిని పారేయడానికి నా స్టోర్స్ మనసు ఒప్పుకోక, ఉల్లిపాయ నంజుకుని నేనే అంబలి కాచుకు తాగాను.) కొత్త పిండి పట్టించడానికి అత్తమ్మ నన్ను వెంటబెట్టుకు వెళ్ళింది. గిర్ని ముందు ఎవరూ లేరు. ఆమె నేరుగా వెళ్ళి ఎదురుగోడ నీడలో, ఆ ఆడవాళ్ళ పక్కన కూర్చుంది. కాసేపటికి ఒక పెద్దమనిషి జొన్నల సంచితో వచ్చి, “లైన్ల ఎవరు లేరా?” అన్నాడు సంబరంగా. “పోపిచ్చుకో అన్నా, మాకేం తొందర లేదు” అంది మా అత్తమ్మ, తేనె కారే గొంతుతో. నేను నోరు తెరవబోతే మోచేతి మీద గట్టిగా గిల్లింది. “జొన్నరొట్టెకు కారం మంచిదే, ఊకో.”

మొన్న మా వీధి గిర్నిలో కారానికి వేరుగా ఉన్న యంత్రం చెడిపోయి, మిరపకాయలు పిండి మరలోనే పట్టారు. నేను గోధుమల డబ్బాతో నీడలో కూర్చున్నాను, నా పక్కన ఇద్దరు ఆడవాళ్ళు. ఒక యువకుడు బండి దిగి, చిన్న స్టీలు డబ్బాతో వచ్చాడు. మూత తీసి చూసుకుంటున్నాడు. మొలకలెత్తించి వేయించిన రాగులు. “ఖాళీయేనా అంకుల్? నేను పోపిచ్చుకోవచ్చా?” అన్నాడు, ముఖమంతా వెలుగుతో. పక్కనున్నామె అప్పటికే మొదలుపెట్టింది, “పో బిడ్డా, నీకు ఆఫీసుంటది...” నా మోచేతి మీద పాత గిల్లుడు చురుక్కుమంది. అయినా లేచి, అతనికి అడ్డంగా వెళ్ళి, నా గోధుమలు మరలో పోయించేశాను. ఆడవాళ్ళు నన్ను వింతగా చూశారు. యువకుడు మాత్రం, “ఇంతసేపు ఊకెనే కూసున్నరు గదా అంకుల్? పెద్దోళ్ళు గూడ గిట్ల జేస్తె ఎట్ల?” అన్నాడు. నేను నా పిండి డబ్బాకు మూత పెట్టుకున్నాను. అసలు సంగతి చెబితే ఆ ముఖంలో వెలుగు కొంచెం తగ్గేది. అలాంటి ముఖం ఒకప్పుడు నాకూ ఉండేది.

సాయంత్రం మా ఆవిడ చపాతీ ఒక ముక్క నమిలి, ఆగి, నీళ్ళ గ్లాసు అందుకుంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని నా వైపు చూసింది.

“ఇయ్యాల గిర్ని ఖాళీగుండెనా బావా?”

“అవు, అదృష్టం” అన్నాను, రెండో చపాతీ అందుకుంటూ.