వంతుల కాయితం

మొన్న మా బడికి కొత్త బంతులు వచ్చాయి. స్టోర్ రూంలో అట్టపెట్టె తెరవగానే రబ్బరు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. యాభై ఎనిమిదేళ్ల హెడ్‌మాస్టరమ్మను, పక్కన అటెండరు నిలబడి ఉన్నాడన్న సోయి కూడా లేకుండా ఒక బాస్కెట్‌బాల్ తీసి నేలకేసి కొట్టాను. గాలి సరిగా లేక అది రెండుసార్లు ఎగిరి మూలకు దొర్లిపోయింది. "మీకు ఆడ వస్తదా మేడం?" అని అటెండరు నోరు తెరిచాడు. "రాకేం! వచ్చే ఏడు ఎవరు ఎన్ని నిమిషాలు ఆడతారో ఈ ఏడే చెప్పగలను" అన్నాను. నాకు ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు చూశాడు పాపం. అతని తప్పేం లేదు. వసుంధర మేడంను ఎరగనివాళ్లకు ఆ మాట అలాగే వినిపిస్తుంది.

మాది సిరిసిల్ల. మా నాన్న సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. పొద్దున లేస్తే ఆ చప్పుడే, పడుకుంటే ఆ చప్పుడే. అందుకే గట్టిగా మాట్లాడటం మా ఊరివాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. డిగ్రీకి నన్ను జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉంచారు. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే, గ్రౌండు అవతల ఉన్న నా స్నేహితురాలిని నేను పిలిచిన పిలుపు విని ఒకావిడ ఈల నోట్లోంచి తీసి నా వైపు తిరిగింది. తెల్లచీర, కుచ్చిళ్ల కింద క్యాన్వాస్ బూట్లు. "ఆ గొంతు నీదేనా? రేపటి నుంచి ఆటకు రా" అంది. ఆమే ఆడపిల్లల ఆటల టీచరు వసుంధర మేడం. రోజూ కోరుట్ల నుంచి బస్సులో వచ్చేది. ఆ బస్సు ఎంత ఆలస్యమైనా మేడం మాత్రం ఎప్పుడూ ఆలస్యం కాలేదు. అదెలా సాధ్యమో నాకు ఇప్పటికీ తెలియదు.

మిగతా కాలేజీల్లో పోటీలు అయిపోతే బంతులు బీరువాలోకి పోతాయి. మా దగ్గర అసలు పని అప్పుడు మొదలయ్యేది. చివరి మ్యాచ్ అయిన సోమవారం మేడం పాత ప్రశ్నపత్రం వెనక వచ్చే ఏటి జట్టును రాసి ఆటల గది తలుపుకు అంటించేది. బాస్కెట్‌బాల్ ఆట నలభై నిమిషాలు. ఒకేసారి కోర్టులో ఐదుగురు. అంటే మొత్తం రెండు వందల నిమిషాలు. ఆ రెండు వందలను ఎనిమిది మందికో తొమ్మిది మందికో పంచేది. ఎవరు మొదట దిగాలి, ఎవరికి ఆయాసం వస్తే ఎవరు పోవాలి, అంతా అందులో ఉండేది. చెరువు కింది మళ్లకు నీళ్లు వంతుల లెక్కన పారిస్తారు కదా, అలాగన్నమాట. అందుకే మేమంతా దాన్ని వంతుల కాయితం అనేవాళ్లం.

మొదటి ఏడాది చివర ఆ కాయితంలో నా పేరు పక్కన నాలుగు అని ఉంది. నేను ఊరుకుంటానా! "నాలుగు నిమిషాలేంది మేడం? బూట్లు కట్టుకునేసరికే అయిపోతయ్!" అని గదిలోకి దూసుకుపోయాను. మేడం నవ్వింది. "నీకు నోరున్నంత దమ్ము లేదు పద్మా. రోజూ పొద్దుగాల ఉరుకు. దమ్ము పెరిగితే పద్నాలుగు ఇస్త." నేను ఉరికాను. మేనత్త "పిల్లకు పిచ్చి పట్టింది" అని మా నాన్నకు ఉత్తరం కూడా రాయించింది. మరుసటి ఏడాది సగటున సరిగ్గా పద్నాలుగు నిమిషాలు ఆడాను. ఆ లెక్క తేలిన రోజు మేడం నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది.

మగపిల్లల ఆటల సారు ఒకసారి "జాతకాలు చెప్తున్నవా అమ్మా?" అని ఆటపట్టించాడు. "జాతకం ఎక్కడిది సార్? ఇండ్లకు పోయి చూసొస్త, గంతే" అంది మేడం. నిజంగానే ఎండాకాలం సెలవుల్లో బస్సులు పట్టుకుని పిల్లల ఇళ్లన్నీ తిరిగేది. మల్లాపూర్ పిల్లకు లగ్గం కుదిరిందా, వెల్గటూర్ పిల్ల మోకాలు నొప్పి తగ్గిందా, అన్నీ చూసి వచ్చేది. మా ఇంటికీ వచ్చి, సాంచాల చప్పుడులో మా నాన్నతో అరిచి అరిచి మాట్లాడి, గొంతు పోగొట్టుకుని వెళ్లింది. ఒక్క బీర్పూర్ వైపు మాత్రం ఎన్నడూ పోలేదు.

అది ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. మేడం దొరల బిడ్డ. బీర్పూర్ అవతలి ఒక పల్లె వాళ్లది. కూలీల సంఘం వచ్చి వాళ్ల భూముల్లో ఎర్రజెండాలు పాతాక, కుటుంబమంతా కోటలాంటి తమ గడికి తాళం వేసి కోరుట్లకు వచ్చేసింది. అది జరిగి అప్పటికి ఆరేళ్లు. అన్నదమ్ములు ఆమెను ఆ ఊరి పొలిమేర తొక్కనిచ్చేవాళ్లు కారు. మా జట్టులోని గంగమణి సరిగ్గా ఆ పల్లె పిల్లే. తండ్రి లేడు. తల్లి లచ్చవ్వ బీడీలు చుడుతూ, ఉన్న కాస్త మడి చేసుకుంటూ పిల్లను చదివించేది. గంగమణి పెద్దగా మాట్లాడేది కాదు. కానీ బంతి కోసం ఎగిరిందంటే అందరి తలల మీదుగా దాని చేతులే కనిపించేవి.

నా రెండో ఏడాది పోటీలు ముగిశాక మేడం నన్ను పిలిచింది. "వచ్చే యేడు కెప్టెన్‌వు నువ్వే. ఈసారి వంతులు నువ్వు రాయి" అని, మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లింది. నా ఆనందం చూడాలి! నా పేరు పక్కన ముప్పై ఐదు వేసుకున్నాను. సిగ్గెందుకు, కెప్టెన్ను కదా! గంగమణి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. అంతకు నెల కిందట వాళ్ల దారిలో వాగు మీది చిన్న వంతెనను, మోరీని, పేల్చేశారు. బస్సు బంద్. పొద్దున పోలీసులు, మాపటికి నక్సలైట్ అన్నలు, మధ్యలో ఆ ఊళ్లు. నెల నుంచి పిల్ల కాలేజీకి రాలేదు. ఇంకేం వస్తుంది అనుకున్నాను. రాసిన పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టి, దాని నిమిషాలను మరో ఇద్దరికి పంచి, కాయితాన్ని తలుపుకు అంటించాను. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

మరునాడే గంగమణి హాల్ టికెట్ కోసం నడిచీ, బండ్లెక్కీ జగిత్యాలకు వచ్చింది. తలుపు ముందు చాలాసేపు నిలబడిందట. ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగిపోయింది. హాల్ టికెట్ కూడా తీసుకోలేదు.

సోమవారం మేడంకు జూనియర్ పిల్ల ఒకతె ఈ సంగతి చెప్పింది. మేడం కాయితాన్ని పీకి నా ముందు పెట్టింది.

"కొట్టేసినవా?"

"ఆమె రాదు మేడం. బస్సే లేదు గద."

"రాదని నీకెవరు చెప్పిన్రు? పోయి అడిగినవా?"

ఆ మూడేళ్లలో మేడం నా మీద కోపగించింది ఆ ఒక్కరోజే. అరవలేదు. కుర్చీలో కూర్చుని, కిటికీ వైపు చూస్తూ చెప్పింది. వాళ్ల ఊరి చెరువు కింద నీటి వంతులు వాళ్ల నాన్నే చెప్పేవాడట. ఎవడైనా ఎదురు మాట్లాడితే తిట్టడం లేదు, కొట్టడం లేదు. వంతుల్లో వాడి పేరు పలికేవాడు కాదు, అంతే. "పేరు పలకకుంటె వారానికి మడి ఎర్రబడేది. నేను పదేండ్ల పిల్లను. గడి ముంగట నిలబడ్డోళ్లను చూసుకుంట బువ్వ తిన్న పద్మా." అలా చెప్పి, కొత్త కాయితం తీసి మొత్తం మళ్లీ రాసింది. గంగమణి పేరు పక్కన పన్నెండు వేసింది. "రేపు పోదాం" అంది.

"మీరు వద్దు మేడం, నేనొక్కదాన్నే పోత. మీ ఇంటోళ్లకు తెలిస్తే..."

"తెలిస్తే తెలువనియ్యి."

పొద్దున్నే బయల్దేరాం. బస్సు పేలిన మోరీ దగ్గర మమ్మల్ని దింపేసి వెనక్కి తిరిగింది. అక్కడ ఇద్దరు పోలీసులు నా సంచీ చూసి బిగుసుకుపోయారు. "గుండ్రంగ ఏందది?" "బంతి సార్, ఆడే బంతి." ఒకతను లాఠీతో పొడిచి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత నేలకేసి కొట్టాడు. అది వాగులోకి ఉరికింది. చివరికి అతనే దిగి తెచ్చి ఇచ్చాడు, బూట్లు తడుపుకుని. మేడం, నేను అరకోసు దాకా నవ్వుకుంటూనే నడిచాం. ఊరు కనబడగానే మేడం నవ్వు ఆగిపోయింది. గడి గోడ మీద ఎర్రరంగు నినాదాలు. ఆమె అటు చూడకుండా నడిచింది.

లచ్చవ్వ వాకిట్లో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేడంను చూసి లేవలేదు. "కూసో" అంది. ఆ ఊళ్లో దొరసానిని ఏకవచనంలో పిలవడం విని నేను మేడం ముఖం వైపు చూశాను. మేడం మాత్రం చెప్పులు విడిచి, చాట ఎదురుగా నేల మీద కూర్చుంది. గంగమణి తలుపు చాటున నిలబడి ఉంది.

లచ్చవ్వ చేతులు ఆగలేదు. ఆకు చుడుతూనే అడిగింది. "అప్పట్ల మీ నాయిన మా వంతు తీసిండు. మడి ఎండింది. ఇప్పుడు నువ్వు నా బిడ్డ వంతు తీసినవంట. మేం మీకేం చేసినం?"

నేను కొట్టేశాను, మేడం కాదు అని చెప్పాలి. సాంచాల చప్పుడును దాటి పలికే ఆ గొంతు ఆరోజు పెగల్లేదు. మేడం నా వైపు చూడనైనా చూడలేదు.

"తీసిన లచ్చవ్వా. తప్పయింది. మళ్ల రాసుకొచ్చిన" అంది. మడతపెట్టిన కాయితం తీసి చాట పక్కన పెట్టింది.

లచ్చవ్వకు చదువు రాదు. కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచినీళ్లు తాగుతవా?" అంది. మేడం చెంబెడు నీళ్లూ తాగింది.

తిరుగుదారిలో నేను ఏడ్చేశాను. "తీసింది పద్మ అని ఎందుకు చెప్పలేదు మేడం?" మేడం నా భుజం మీద చెయ్యి వేసింది. "తప్పయిందన్న మాట మా ఇంటోళ్లు ఆమెకు ఎన్నడో చెప్పాల్సి ఉండె. ఎట్ల చెప్పాల్నో తెల్వక ఆరేండ్లు కోరుట్లల కూసున్న. నువ్వు దారి చూపినవ్, ఇంక ఏడ్వకు." అలా అని కొంగుతో నా ముక్కు కూడా తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు.

గంగమణి పరీక్షలు రాసింది. జూలై నుంచి మోరీ దాకా సైకిలు, అక్కడినుంచి బస్సు. ఆ ఏడాది దానికి నేను సున్నా అన్నాను, మేడం పన్నెండు అంది. అది ఏకంగా ఇరవై రెండు నిమిషాలు ఆడింది, అందులో ఎనిమిది నావి. సెమీఫైనల్లో ఓడిపోయాం. అయినా అంత సంతోషంగా ఓడిన జట్టును నేను మళ్లీ చూడలేదు.

చాలా ఏళ్లకు కోరుట్లలో మేడం రిటైర్మెంటు సభ జరిగితే గంగమణి కూడా వచ్చింది. అప్పటికి అదీ టీచరే. భోజనాల దగ్గర ధైర్యం చేసి అన్నాను. "ఆ కాయితంల నీ పేరు కొట్టింది మేడం కాదే, నేను."

గంగమణి పులిహోర తింటూనే ఉంది. "నాకు ఎరుకే. ఆ కోడిగీతలు నీవి కాక ఇంకెవ్వరివి?"

"మరి అవ్వకు చెప్పలేదేంది?"

"చెప్తె, తీసింది దొరబిడ్డ కాదు నువ్వే గద అని ఊకుంటుండె. దొరబిడ్డ నేల మీద కూసోని తప్పయిందన్నదని మా అవ్వ ఇప్పటికీ వాడంత చెప్పుకుంట తిరుగుతది. ఆ సంబురం నేనెందుకు ఖరాబు చెయ్యాలె?" అని నా విస్తట్లో లడ్డూ వేసింది. నేను నోరు మూసుకుని తిన్నాను.

ప్రతి ఏడాదీ బడి తెరవగానే మా రిజిస్టర్లలో కొన్ని పేర్ల మీద గీతలు పడతాయి. ఆడపిల్లలవే ఎక్కువ. రావడం లేదు మేడం, తీసేశాం అంటారు మా టీచర్లు. నేను వాళ్లను ఏమీ అనను. ఒకప్పుడు నేనూ గీసినదాన్నే కదా. ఆ పేర్లను మరో కాయితం మీద రాసుకుని, ఆదివారం ఆ ఇళ్లకు పోతాను. నా పిల్ల పేరు ఎవరు తీసేశారని తల్లి అడిగితే నేనే అంటాను. తప్పయింది, మళ్లీ రాసుకొచ్చాను అంటాను. ఇప్పటిదాకా ఒక్క తల్లి కూడా నాకు మంచినీళ్లు ఇవ్వకుండా పంపలేదు.