బూజుకర్ర మీద బాలింత

ఆయన జీవితమంతా సాలీళ్లను చదివిన శాస్త్రవేత్త. కాలేజీలో అందరూ బూజు మాస్టారనేవారు. ఆ పేరుకి ఆయన నొచ్చుకోలేదు సరికదా, ఎవరైనా ఉత్త "మాస్టారూ" అని పిలిస్తే, తననేనా అని అటూఇటూ చూసేవాడు.

సాలెగూడు కంటికి సరిగా ఆనదు. అందుకని దానిమీద మైదాపిండి చల్లి, దారాలు తెల్లగా తేలాక బొమ్మ గీసుకునేవాడు. ఇంట్లో పిండి డబ్బా ఎప్పుడూ ఖాళీయే. "నన్ను చేసుకున్నారా, వాటిని చేసుకున్నారా?" అని భార్య నిలదీస్తే, ఆలోచించి చెబుతాననేవాడు. ఏం మనిషండీ బాబూ!

ఒక రకం సాలీడు ప్రాణం మీదికొచ్చినా తన గుడ్ల సంచి వదలదని ఆయన వాదన. పెద్ద ప్రొఫెసరు పడీపడీ నవ్వాడు. "రేపు మీ ఇంటికొస్తా, చూపించు. చూపించలేకపోతే ఆ మాట మళ్లీ ఎత్తకు" అన్నాడు. మాస్టారు ఇన్నేళ్లూ నమ్ముకున్న మాట అదొక్కటే. మర్నాడు పొద్దున్నే వంటింటి మూలనున్న ఆ సాలీడు గూటికి శ్రద్ధగా పిండి చల్లి, నిశ్చింతగా స్నానానికి వెళ్లాడు.

ఇంట్లో అప్పుడు వదినగారు, అంటే భార్యకి అక్కగారు, చుట్టపుచూపుగా వచ్చి ఉంది. మామూలుగా అయితే ఆ గూడు ఆవిడ కళ్లబడేదే కాదు. తెల్లగా మెరిసిపోతుంటే ఊరుకుంటుందా? బూజుకర్ర అందుకుని ఒక్క తిప్పు తిప్పింది.

మాస్టారు తువ్వాలుతో వచ్చి, ఖాళీ మూల చూసి కూలబడ్డాడు.

"కొంప ముంచారు వదినా!"

అంతలో ప్రొఫెసరు రానే వచ్చాడు. "ఏదయ్యా నీ సాలీడు?"

మాస్టారు ఖాళీ మూలకేసి చెయ్యి చూపించాడు. వదినగారికి మాత్రం ఒళ్లు మండిపోయింది.

"ఏదంటారేంటండీ? ఇదిగో, ఈ కర్రని పట్టుకుని వేలాడుతోంది, పాడు పురుగు! దులిపాను, గోడకేసి బాదాను, బకెట్లో ముంచాను. ఆ మూట వదిలేసి హాయిగా పారిపోవచ్చు కదా? అబ్బే, చస్తే వదలదే!"

"నిజంగా వదల్లేదా?" అన్నాడు ప్రొఫెసరు.

"నాకు అబద్ధమాడాల్సిన ఖర్మేంటి?" అంటూ కర్ర ఆయన ముక్కు కిందికి తోసింది.

ప్రొఫెసరు కళ్లజోడు తుడుచుకుని చూశాడు. తడిసి ముద్దయిన సాలీడు, దాని కాళ్ల మధ్య భద్రంగా సంచి. ఈసారి ఆయన నవ్వలేదు. మాస్టారు మాత్రం ఏడుస్తూ నవ్వాడు.

సంచిలోంచి పిల్లలు వచ్చేదాకా వదినగారు ఊరికి కదల్లేదు. ఈలోగా ఇంటినిండా బూజు పేరుకుపోయింది. ఉండబట్టలేక చెల్లెలు బూజుకర్ర మీద చెయ్యేసిందో లేదో, అక్కగారు గయ్యిమంది.

"దాని జోలికెళ్లావంటే ఊరుకోను! లోపల బాలింతుంది."