కోటు జేబు మీద కుట్టిన మాట

ఆస్పత్రి బట్టల గదిలో చిరుగులు కుట్టే ఆమెకు క్షమాగుణం లేదు. ఉండాలని నేనూ అనుకోవడం లేదు.

ఆమె కూతురికి మూడేళ్లు, డౌన్ సిండ్రోమ్. గుండ్రంగా ఉంటుందని ఇంట్లో బంతి అని పిలుస్తారు. ఆ ఏడాది బంతి ఒంటి మీద నీలి మచ్చలు లేచాయి, ముఖం పాలిపోయింది. తల్లి అదే ఆస్పత్రిలోని పిల్లల డాక్టరుకు మూడుసార్లు చూపించింది.

"ఇలాంటి పిల్లలు పడుతూ ఉంటారమ్మా. కాళ్లలో పట్టుండదు."

"వీపు మీద కూడా ఉన్నాయి సార్. ఒకసారి రక్తం పరీక్ష చేసి చూస్తే?"

"దేవుడి బిడ్డలు వీళ్లు. ఊరికే సూదులు గుచ్చి ఏడిపించకు."

ఆ తియ్యటి మాటలో రెండు నెలలు పోయాయి. చివరికి వేరే ఊళ్లో పెద్దాస్పత్రికి తీసుకెళ్తే రక్త క్యాన్సర్ అని తేలింది. అక్కడి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: ఈ పిల్లలకు గడ్డల క్యాన్సర్లు తక్కువే, చిన్నతనంలో రక్త క్యాన్సర్ మాత్రం మామూలు పిల్లలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మందులకు బాగానే లొంగుతుంది. మొదటి మచ్చకే రక్తం చూడాల్సింది. ఆ చివరి ముక్కను తల్లి కాగితం మీద రాయించుకుంది.

ఎనిమిది నెలల వైద్యంతో జబ్బు లొంగింది. తల్లి తిరిగి పనిలో చేరింది.

"పిల్ల బతికిందిగా, వదిలెయ్," అన్నాడు ఇస్త్రీ చేసే ముసలాయన.

"బతికించింది ఆయన కాదుగా, బాబాయ్."

డాక్టర్ల తెల్లకోట్లు కలిసిపోకుండా జేబు మీద నీలిదారంతో పేర్లు కుట్టడం ఆమె పనే. ఆ అక్షరాలు చదివేది ఎదురుగా కూర్చున్నవాళ్లు, తొడుక్కున్నవాడు కాదు. ఒక సోమవారం ఆమె ఆ డాక్టరు కోటు మీది పేరును బ్లేడుతో విప్పేసి, అదే దారంతో, అంతే పొందికగా, "మచ్చలుంటే రక్తం చూస్తాను" అని కుట్టింది.

ముసలాయన చదివి, మడత పెట్టి, డాక్టరు అరలో తనే పెట్టి వచ్చాడు. "అడిగితే నాకు చదువు రాదంటాను."

ఆ పూట డాక్టరు ఆ కోటు తొడుక్కుని కూర్చోగానే మొదటి తల్లే కొడుకు మోచేతి మీది మచ్చ చూపించింది. "చూస్తానని రాసుకున్నారుగా సార్, మావాడికీ చూడండి." డాక్టరు మెడ వంచి తన గుండె మీది అక్షరాలను తలకిందులుగా చదువుకున్నాడు. గుమ్మంలో ఇరవైమంది. కాదనలేక మధ్యాహ్నం దాకా పదకొండు పరీక్షలు రాశాడు. అందరి రక్తమూ బాగానే ఉంది. ఆ సంగతి విని బంతి తల్లి సంతోషించింది, కానీ చల్లబడలేదు.

సూపరింటెండెంట్ ఆమెను పిలిపించాడు. డాక్టరు పక్కనే ఉన్నాడు. "క్షమాపణ చెప్పి, పేరు కుట్టివ్వు. లేకపోతే ఉద్యోగం ఉండదు," అన్నాడు సూపరింటెండెంట్.

ఆమె పెద్దాస్పత్రి కాగితం బల్ల మీద పెట్టింది. "కుడతాను సార్. ముందు మా బంతి ఫైల్లో ఆయన తన చేత్తో ఒక వాక్యం రాయాలి. రక్తం చూడమని తల్లి అడిగింది, నేను చూడలేదు అని. రాయకపోతే ఈ కాగితం పట్టుకుని ఎక్కడికెళ్లాలో నాకు తెలుసు."

సూపరింటెండెంట్ కాగితాన్ని రెండుసార్లు చదివి, పెన్ను మూత తీసి డాక్టరు ముందు పెట్టాడు.

డాక్టరు రాశాడు. ఆమె ఫైలు తనవైపు తిప్పుకుని, నింపాదిగా చదివి, మళ్లీ ఆయన వైపు జరిపింది.

"సంతకం, సార్. తేదీ కూడా."